పదో స్థలం గోడ

ముప్పై ఏళ్ళుగా నాకు అన్నం పెడుతున్న ఉలి మీద ఒట్టేసి రాస్తున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం.

ఉదయగిరిలో ఈ మస్తానయ్యను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం చదివి కడుపు పట్టుకొని నవ్వుతారని తెలుసు. కోట మీద చిరుతపులి నా పక్కన కూర్చొని సగం బీడీ తాగిందని చెప్పింది నేనే, కాదనను. అది వేరు. ఇది వేరు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మిఠాయి అంగడివాడు మిఠాయి తినడు చూడండి, అలాగే దయ్యం కథలు చెప్పేవాడికి దయ్యం భయం ఉండదు. అది ఎలా తయారవుతుందో వాడికి తెలుసు కదా.

మాది చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇల్లు. గిరాకీ తగ్గిన నెలల్లో పాత మిద్దెల దూలాలు చూసి మరమ్మతు చేస్తాను. కర్ర మీద వేలి కణుపుతో కొడితే లోపల చెద ఉందో లేదో చెప్పగలను. ఈ ఒక్క విషయంలో నేను అబద్ధం చెప్పనని మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఒక ఫాదర్ దగ్గరి నుంచి కబురు వచ్చింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సు దిగి, షేర్ ఆటోలో లోపలికి పోతే ఆ ఊరు. పేరు రాయను. రాస్తే సెల్‌ఫోన్లు పట్టుకొని జనం ఎగబడతారు, అక్కడివాళ్ళు నన్ను తిడతారు.

ఊరిలో కతోలిక దేవాలయం ఉంది. వాళ్ళు గుడి అనే అంటారు, చెప్పులు బయట విడిచే లోపలికి పోతారు. ముఖం చూస్తే దొరల దేశపు కట్టడం. మొన తేలిన కమాను, దాని మీద గంట గూడు. లోపలికి పోతే అంతా మన చేతి పని. స్తంభాల తలల మీద తామరరేకులు, పీఠం వెనుక గోడలో ఎదురెదురుగా రెండు నెమళ్ళు. గీత గీసి ఇచ్చింది ఒకరు, సుత్తి పట్టింది ఇంకొకరు అని చూడగానే తెలుస్తుంది. గోడల మందం రెండు మూరలు. సున్నాన్ని గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి కట్టిన గోడలు. ఉలి ఆనిస్తే ఉలే మొద్దుబారింది.

పైన మిద్దె. పదకొండు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్నటి వాసాలు, ఆపైన పల్చటి ఇటుకలు నిలబెట్టి సున్నం పోశారు. ప్రతి దూలం కొసనా ఉలితో గీసిన గీతలు ఉన్నాయి, ఒకదానికి ఒకటి, రెండోదానికి రెండు. నేల మీద మొత్తం అమర్చి చూసుకొని, విప్పి, మళ్ళీ పైకెత్తి కూర్చారన్నమాట. ఆ వడ్రంగి ఎవరో గాని, నిచ్చెన మీదే ఆయనకు దండం పెట్టాను.

ఫాదర్ నన్ను పిలిపించింది ఒక్క ప్రశ్న కోసం. కప్పు నిలుస్తుందా, నిలవదా?

ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక ఊరు రెండుగా చీలి ఉంది. గుడిపెద్దల్లో ముఖ్యుడు శౌరయ్య, నా ఈడువాడే, సిమెంటు గుడి కట్టాలని పట్టుబట్టాడు. ఆయన్ను తప్పుపట్టలేం. అంతకుముందు నెలలో పూజ జరుగుతుండగా చేటంత పెచ్చు ఊడి ఆయన మనవరాలికి జానెడు దూరంలో పడింది. వద్దన్నది మాత్రం ఒకే ఒక్క మనిషి. గుడి ఊడ్చే ఇన్నాసమ్మ అవ్వ.

అవ్వ ఎందుకు వద్దన్నదో చెప్పాలంటే ఆ గుడి ఆచారం చెప్పాలి.

ఏ కతోలిక గుడిలోనైనా పక్క గోడలకు పద్నాలుగు పటాలు ఉంటాయి. క్రీస్తు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా చేసి, ఒక్కో పటం ముందు ఆగి ప్రార్థన చేసుకుంటారు. ఇక్కడ, గుడి కట్టిన రోజుల్లో రాయీ సున్నమూ మోసిన పద్నాలుగు ఇళ్ళకు ఒక్కో పటం కింది గోడను వంతుగా ఇచ్చారు. గుడి పండుగకు ముందు ఎవరి వంతు గోడకు వాళ్ళే వెల్ల వేయాలి. ఒకరి వంతు ఇంకొకరు ముట్టకూడదు. ఇళ్ళను పిలవడం కూడా అలాగే. మూడో స్థలం పిల్లను ఎనిమిదో స్థలానికి ఇచ్చారంటారు.

అవ్వది పదకొండో స్థలం. నిచ్చెన పట్టుకొని నా కింద నిలబడి ఆమే చెప్పింది.

"ఇల్లు కొడుకు పేరున ఉండాది. చేను మా బావగారి పిల్లోళ్ళు దున్నుకుంటా ఉండారు. నాది అని చెప్పుకోను ఈ గోడ ఒక్కటే ఉండాది నాయనా. పెండ్లయి వచ్చిన ఏడు మా అత్త కుంచె చేతికిచ్చింది. కొత్త గుడికి టైల్సు వేస్తారంట. టైల్సుకు వెల్ల ఎందుకు? ఇంక నేనెందుకు?"

"కప్పు బాగుందో లేదో, ఉన్నది ఉన్నట్టు చెప్తాను అవ్వా," అన్నాను.

"నువ్వా? ఉన్నది ఉన్నట్టా?" అని నవ్వింది. నా పేరు ఆ ఊరిదాకా పాకిందని అప్పుడు తెలిసింది.

పదకొండు దూలాల్లో తొమ్మిది ఇనుములా ఉన్నాయి. రెండింటి కొసలు గోడలోకి దూరేచోట నీళ్ళు దిగి కుళ్ళాయి. కొస కోసి కొత్త టేకు అతికితే మా మనవళ్ళ కాలం దాకా చూడనక్కర్లేదు. అదే ఫాదర్‌కు చెప్పాను. ఆయన తల ఊపాడు గాని, శౌరయ్య పట్టు వీడలేదు. అతుకుల కొంప మాకొద్దన్నాడు. పెద్దల్లో ఎక్కువమంది ఆయన వైపే.

కథ అక్కడే అయిపోయేది. నా నోరు ఊరుకోలేదు.

కిందికి దిగి గోడలు చూసుకుంటూ పోతుంటే పదో పటం దగ్గర చూపు ఆగింది. క్రీస్తు బట్టలు ఒలుస్తున్న పటం అది. మిగతా గోడలన్నీ నీలిమందు కలిపిన సంచి సున్నంతో లేత నీలంగా ఉన్నాయి. ఇది ఒక్కటి మజ్జిగ తెలుపు. మూలన ఉలి కొసతో గీకాను. వెల్ల పొరలు ఉల్లిపొరల్లా వచ్చాయి. పక్క వంతుల్లోనూ గీకి చూశాను. అక్కడ పై పొరలు నీలం, లోపలికి పోయేకొద్దీ తెలుపు. పదో దానిలో పై నుంచి కింది దాకా ఒకటే తెలుపు. చేతికి తగిలిన నలుసును బట్టి అది గానుగ సున్నం. ఆ చుట్టుపక్కల సున్నపు గానుగ తిరగడం నేను పుట్టాక చూడలేదు.

"పదో స్థలం ఎవరిది?" అని గుడి ముందు కూర్చున్నవాళ్ళను అడిగాను.

"వాళ్ళెప్పుడో ఊరిడిసి పోయినారు. మా అమ్మ పెండ్లికి ముందే," అన్నాడు శౌరయ్య.

"మరి వెల్ల ఎవరు వేస్తున్నారు?"

శౌరయ్య తొమ్మిదో స్థలం ఆయన వైపు తిరిగి, "మీరే గదా?" అన్నాడు. ఆయన, "మేమా? రెండో స్థలం వాళ్ళనుకుంటిమే," అన్నాడు. రెండో స్థలం ఆమె, "మేమెందుకు ముట్టుకుంటాం? మీరే ఏసి చెప్పుకోకుండా ఉండారనుకున్నాం," అంది.

అదండీ వాళ్ళు చేసిన పొరపాటు. పరుల వంతు ముట్టడం తప్పు. పోయినవాళ్ళ వంతును ఎవరో పుణ్యానికి దొంగచాటుగా వేస్తున్నారని ఇంటింటా అనుకున్నారు. అడిగితే తప్పు బయటపెట్టినట్టవుతుందని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళూ పదమూడు ఇళ్ళవాళ్ళు ఒకరినొకరు మనసులో మెచ్చుకుంటూ నోరు మూసుకున్నారు. నాబోటి పరాయివాడు నోరు తెరిచేసరికి బండారం బయటపడింది.

రెండు రోజుల్లో పదో గోడ ముందు కొవ్వొత్తులు వెలిగాయి. పక్క ఊళ్ళ నుంచి ఆటోలు దిగాయి. పడగొట్టాలన్న పెద్దల్లో సగంమంది నీళ్ళు నమిలారు. శౌరయ్యకు కోపం నెత్తికెక్కింది.

"ఇది ముసలిదాని పని ఫాదర్! గుడి నిలబెట్టుకోను ఆడతా ఉండే నాటకం."

నాకూ మొదటి అనుమానం అవ్వ మీదే. తాళంచెవి ఉండేది ఆమె దగ్గర. కాకపోతే ఆమె చేతులు భుజాల పైకి లేవవు. తన వంతు పై భాగం కూడా కోడలితో వేయిస్తుంది. పదో గోడకేమో పటం పై దాకా వెల్ల ఉంది. రెండో అనుమానం ఫాదర్ మీద. మూడోది శౌరయ్య మీదే. అవ్వను దొంగను చేస్తే ఆయన పని సులువవుతుంది కదా. అనుమానించడానికి ఖర్చేముంది, అందరినీ అనుమానించాను.

ఫాదర్ మాత్రం నా మాదిరి మనసులో పెట్టుకోలేదు. ఆయన గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. పెద్దలందరి ముందూ అన్నాడు.

"వెల్ల వేసే రోజు రానే వస్తోంది. ఆ రోజు పరీక్ష చేద్దాం. ఇది మనిషి చేసే పని అని తేలితే ఆ తర్వాతి సోమవారమే పడగొట్టడానికి సంతకం పెడతాను. మోసం మీద గుడి నిలబడకూడదు. ఎవరూ చేయలేదని తేలితే మరమ్మతే చేయిద్దాం. మస్తానయ్య గారు కాపలా కూర్చుంటారు. ఆయనకు ఈ గుడిలో వంతు లేదు."

"ఈయన మాట ఉదయగిరిలో కుక్క గూడా నమ్మదు ఫాదర్," అన్నాడు శౌరయ్య.

"నాకు నమ్మకం ఉంది," అన్నాడు ఫాదర్. పాపం, కొత్త మనిషి.

వెల్ల రోజు తెల్లవారేసరికి పదమూడు ఇళ్ళవాళ్ళూ కుంచెలు, బకెట్లతో దిగారు. ఎండ ముదరక ముందే పని ముగిసింది. వెల్ల ఆరేదాకా, అంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం గంట దాకా, గుడి మూసి ఉంచడం అక్కడి అలవాటు. పదో గోడను ఎవరూ ముట్టలేదు. అది దుమ్ము పట్టి పొడిగా ఉంది. శౌరయ్య దాని మీద బొగ్గుతో ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీశాడు. నేను జల్లెడ పట్టిన బూడిద తెచ్చి గోడ ముందు మూడు మూరల వెడల్పున పరిచాను.

కిటికీలు రెండు నిలువుల ఎత్తున ఉన్నాయి, వాటికి ఇనుప కడ్డీలు. ఫాదర్ వస్త్రాలు మార్చుకునే గది తలుపుకు అడ్డంగా, దూలాల కొసలు చూడడానికి నేను విప్పిన దంతెలు పేర్చి ఉన్నాయి. కదపాలంటే నలుగురు కావాలి. మిగిలింది ఒక్క సింహద్వారం. శౌరయ్య తన ఇంటి నుంచి తెచ్చిన కొత్త తాళం వేసి, చెవి నా చేతికిచ్చాడు. మొలతాడుకు కట్టుకున్నాను.

"అవ్వ గూడా నీ కళ్ళ ముందరే కుచ్చోవాల," అన్నాడు శౌరయ్య.

"కుచ్చుంటాలేరా. నాకేమన్నా రెక్కలుండాయా ఎగిరిపోను?" అని అవ్వ మెట్టు మీద జపమాల పట్టుకొని చతికిలబడింది.

అందరూ అన్నాలకు పోయారు. నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. వడగాలి కొట్టింది. ఎదురుగా వేపచెట్టు కింద మేకలు ఒకదాని మీద ఒకటి తల పెట్టుకొని పడుకున్నాయి. నేను మాత్రం కన్ను మూయలేదు. అవ్వ లేచిందీ లేదు. లోపలి నుంచి చప్పుడేదీ రాలేదు.

సాయంత్రం ఫాదర్, శౌరయ్య, పెద్దలు వచ్చారు. తాళాన్ని శౌరయ్య తిప్పి తిప్పి చూశాడు. గీత కూడా పడలేదు. చెవి నా మొలతాడు నుంచి ఆయనే విప్పుకున్నాడు.

తలుపు తీయగానే తడి సున్నం వాసన గుప్పున కొట్టింది. పదమూడు గోడలూ ఆ ఎండకు ఎప్పుడో ఆరిపోయాయి. పదో గోడ తడిగా మెరుస్తోంది. బొగ్గు గీత లేదు. పటం అంచు మీది నుంచి సున్నం ఇంకా చుక్కలు కారుతోంది. కింది బూడిదలో ఆ చుక్కలు పడినచోట తొలకరి చినుకులకు లేచే గుంటల్లాంటివి ఉన్నాయి. అడుగు జాడ ఒక్కటీ లేదు.

ఫాదర్ వేలితో తాకి, వాసన చూశాడు. పీఠం దగ్గరికి పోయి మోకరించాడు. లేచి వచ్చి పెద్దల వైపు తిరిగాడు.

"ఇదేమిటో నాకు తెలియదు. అద్భుతం అని మాత్రం ఎవరూ అనొద్దు," అన్నాడు.

శౌరయ్య నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మస్తానన్నా, నీ బిడ్డల మీద ఒట్టు. కునుకు తీసినావా?"

"లేదు."

అవ్వ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవ్వా. శనివారం శనివారం ఫాదర్ ముందర తప్పులొప్పుకొని పాపసంకీర్తనం చేసే మనిషివి. ఈయన నిద్రపోయినాడా?"

"రెప్ప గూడా కొట్టలేదు నాయనా," అంది అవ్వ.

శౌరయ్య గోడను చూశాడు. తర్వాత కప్పును చూశాడు. "ఆ రెండు దూలాలూ గట్టిగా ఎయ్యి. నా మనవరాలు ఇక్కడే కుచ్చుంటాది," అని బయటికి పోయాడు.

గుడి నిలిచింది. ఆ రెండు కొసలు అతికింది నేనే. అతుకులో మేకు కనిపించదు, కావాలంటే పోయి చూసుకోండి. నెమళ్ళ మీది సున్నం పొరలు గీకి తీస్తే లోపల రెక్కల ఈకలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఫాదర్ ఆ కొవ్వొత్తులు మాత్రం తీయించేశాడు. అవ్వ ఈ ఏడు కూడా తన గోడకు వెల్ల వేసింది.

ఇక ఒట్టు సంగతి.

ఇందులో నేను అల్లింది ఒక్కటే. కన్ను మూయలేదన్నాను చూడండి, అది అబద్ధం. మేకలను చూస్తూ చూస్తూ నిద్రపోయాను. మామూలు కునుకు కాదు, బావిలో రాయి పడ్డట్టు పడిపోయాను. మెలకువ వచ్చేసరికి నీడ మెట్ల మీదికి పాకింది. చెవి మొలతాడుకే ఉంది, కట్టిన ముడి నాదే. అవ్వ అక్కడే కూర్చొని ఉంది. ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. శౌరయ్య అడిగినప్పుడు బిడ్డల మీద ఒట్టుకు కూడా అబద్ధమాడాను.

నాది అబద్ధాల నోరు, సరే. కాని అవ్వ ఎందుకు ఆడింది? అంటే లోపలి పని ఆమెదే అయ్యుండాలి. ఎలా చేసిందో తెలియకపోయినా, ఎవరు చేశారో తెలిసిపోయిందనుకున్నాను. దూలాల పని ముగిసిన రోజు ఆమెను పక్కకు పిలిచి అడిగాను.

"అవ్వా, నేను నిద్రపోయినానని నీకు తెలుసు గదా. ఎందుకు అబద్ధం చెప్పినావు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నిద్రా? పొద్దు వాలిందాకా నాతో మాట్లాడతానే ఉంటివి గదరా!"

"నేనా? ఏం మాట్లాడినాను?"

"పదో స్థలమోళ్ళ సంగతే. వాళ్ళ కోడలు కడుపుతో ఉండి వెల్ల ఏస్తా నిచ్చెన మీంది నుంచి పడిందనీ, ఆ రాత్రికి రాత్రే ఊరిడిసి పోయినారనీ, ఆ ఏడు గోడ సగమే వేసినారనీ చెప్పినావు. సగంలో ఆపినామే అని ఆ పిల్ల ఏడ్చిందని గూడా చెప్పినావు. ఆ సంగతి మా అత్తకు తెలుసు, నాకు తెలుసు. ఊళ్ళో ఇంకెవురికీ తెలీదు."

నాకు ఆ ఇంటి పేరు కూడా తెలియదు. ఆ కోడలి గురించి ఈ రోజు వరకూ అవ్వ నోట తప్ప ఎవరి నోటా వినలేదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఇది నాకు అంతు పట్టలేదు, ఇక పట్టదు కూడా. అవ్వ నన్ను ఆడించిందా అంటే, ఆమె ముఖంలో ఆ జాడ లేదు. ముఖాలు చూసి అబద్ధం పట్టడంలో నేను ఆరితేరినవాణ్ణి.

"అవ్వా, అవన్నీ నాకెట్టా తెలుస్తాయి?" అన్నాను.

ఆమె చీపురు తీసుకొని లేచింది.

"నన్నడిగితే నాకేం తెలుసు నాయనా? చెప్పింది నువ్వు గదా."